రుచి తగ్గకుండా ఆరోగ్యంగా తినడం ఎలా: హైదరాబాద్ వంటింటి కొలతలు

ఆరోగ్యంగా తినాలని నిర్ణయించుకున్న ఇంట్లో ముందుగా వేపుడు ఆగిపోతుంది. తర్వాత కూరలో ఉప్పు, కారం తగ్గుతాయి. రాత్రికి ఓట్స్ వస్తాయి. పది రోజులు ఎలాగో గడుస్తాయి, పదకొండో రోజు బిర్యానీ పార్శిల్ వస్తుంది, అంతటితో సరి. చప్పటి తిండిని ఇష్టం లేకుండా నెలల తరబడి ఎవరూ తినలేరు, తినాల్సిన పని కూడా లేదు.

మన వంటకు రుచి వేటి వల్ల వస్తోందో ఒకసారి చూడండి. చింతపండు పులుపు, పోపు వాసన, వేయించిన నువ్వుల కమ్మదనం, ఎండుమిర్చి ఘాటు, పంటి కింద కరకర. వీటన్నిటికీ నూనె చెంచాల్లో చాలు, గరిటెల్లో అక్కర్లేదు. అందుకే ఇక్కడ వంటకాలు మార్చమని చెప్పడం లేదు. బగారా బైంగన్, బెండకాయ వేపుడు, ఆదివారం బిర్యానీ అన్నీ ఉంటాయి. కొలతలు, వండే పద్ధతి మారతాయి.

ముందు మీ ఇంటి లెక్క తేల్చండి

ఒక వారం ఏమీ మార్చకండి. ఇప్పుడు ఎంత వాడుతున్నారో చూడండి. దీనికి 5 మిల్లీలీటర్ల చెంచా, రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు, వీలైతే చిన్న ఎలక్ట్రానిక్ తూకం ఉంటే చాలు. కొత్త నూనె ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద పెన్నుతో తేదీ రాయండి. ఉప్పు ప్యాకెట్ మీద, చక్కెర డబ్బా మీద కూడా రాయండి.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2000 కిలోకేలరీల భోజనానికి వాళ్ళు చెప్పే కొలత ఇది: బియ్యం, జొన్న, గోధుమలాంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు, పల్లీలు, నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు, నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ధాన్యాలు, పప్పుల తూకం వండకముందుది.

దీన్ని నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి వేసుకోండి. 27 గ్రాముల నూనె అంటే దాదాపు 30 మిల్లీలీటర్లు, ఆరు చెంచాలు. నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు దాటకూడదు. ఇందులోనే నెయ్యి, బయట తినే టిఫిన్ల నూనె కూడా ఉన్నాయి కాబట్టి ఇంటి వంటకు రెండున్నర నుంచి మూడు లీటర్లు లక్ష్యంగా పెట్టుకోండి. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు. అంటే నలుగురికి కిలో ప్యాకెట్ కనీసం 50 రోజులు రావాలి. నెల తిరక్కుండానే అయిపోతుంటే ఉప్పు ఎక్కువవుతోందన్నమాట.

అందరికీ ఆశ్చర్యం కలిగించేది కూరగాయల లెక్క. నలుగురికి వారానికి 11 కిలోలు! ఉల్లిగడ్డ, టమాటా, ఆకుకూరలు అన్నీ కలిపే అనుకోండి, అయినా చాలా ఇళ్ళలో అందులో సగం కూడా రాదు. ఆలుగడ్డలో పిండిపదార్థమే ఎక్కువ కాబట్టి దాన్ని ఇందులో లెక్కించకండి. ఎర్రగడ్డలోనో మెహదీపట్నంలోనో రైతుబజార్‌కు వారానికి రెండుసార్లు వెళ్తే ఇంత కొనడం భారం కాదు. ఆకుకూరలు మాత్రం రెండు రోజులకు మించి కొనకండి. వాడిపోయిన తోటకూరకు ఎంత పోపు పెట్టినా రుచి రాదు.

అన్నం తగ్గించడం కంటే ముందు కూర పెంచండి

పళ్ళెంలో అన్నం మాత్రమే తగ్గిస్తే సాయంత్రం నాలుగింటికి కడుపు కాలుతుంది, బజ్జీల బండి దగ్గర ఆగుతారు. వరుస తిరగేయండి. మొదటి వారం అన్నం ముట్టుకోకుండా కూర రెట్టింపు చేయండి. నలుగురికి పావుకిలో బెండకాయలు వండే ఇంట్లో అరకిలో వండండి. రెండో వారం నుంచి అన్నం దానంతట అదే తగ్గుతుంది.

కుక్కర్ కప్పు 180 మిల్లీలీటర్లు, అందులో బియ్యం సుమారు 150 గ్రాములు పడతాయి. మధ్యాహ్నానికి నలుగురికి రెండున్నర కప్పులు చాలు. ఉదయం ఇడ్లీయో దోశో, రాత్రి రొట్టెలో పోగా మిగిలే వాటా అంతే. సన్నబియ్యం మానలేనివాళ్ళు తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్ 15048) ప్రయత్నించండి. రాజేంద్రనగర్‌లో రూపొందించిన రకం ఇది. మామూలు సన్నబియ్యంతో పోలిస్తే గ్లైసీమిక్ సూచిక (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా ఎక్కుతుందో చెప్పే అంకె) తక్కువ, రుచిలో పెద్ద తేడా తెలియదు. అయితే కొలత దీనికీ వర్తిస్తుంది. రెండు ముద్దలు ఎక్కువ తింటే ఆ లాభం పోతుంది.

తినే వరుసను కూడా మార్చండి. ఆవకాయ ముద్దతో మొదలుపెట్టే బదులు ముందు నాలుగైదు చెంచాల కూర, సగం గిన్నె పప్పు ఉత్తగా తినండి. తర్వాత అన్నం కలుపుకోండి. కూర, పప్పు ముందు వెళ్తే భోజనం తర్వాత రక్తంలో చక్కెర అంత వేగంగా ఎక్కదు. షుగరుకు మందులు, ముఖ్యంగా ఇన్సులిన్, వాడేవాళ్ళు అన్నం ఒక్కసారిగా తగ్గించకండి. మోతాదు సంగతి డాక్టరుతో మాట్లాడాకే మొదలుపెట్టండి.

పోపుకు రెండు చెంచాలు చాలు, కానీ గిన్నె మారాలి

నూనె ఎక్కువ పోయడానికి అసలు కారణం చాలాసార్లు మూకుడు వెడల్పే. పెద్ద మూకుట్లో రెండు చెంచాల నూనె పలచగా పరుచుకుంటుంది. ఆవాలు అందులో మునగవు, సగం చిటపటలాడి సగం మాడతాయి. అది చూసి ఇంకో గరిటె పోస్తాం. అదే చిన్న పోపు గరిటెలో అయితే ఆ రెండు చెంచాలే గుంటలో నిలుస్తాయి, ఆవాలన్నీ మునిగి వేగుతాయి.

నలుగురికి సరిపడే పప్పుకు 10 మిల్లీలీటర్ల నూనె తీసుకోండి. వేడెక్కిందో లేదో తెలియడానికి ఒక ఆవగింజ వేయండి, వెంటనే చిట్లాలి. ఆవాలు వేసి చిటపట తగ్గే దాకా ఆగండి. సగం వేగిన ఆవాలు చేదుగా ఉంటాయి. తర్వాత మినప్పప్పు, శనగపప్పు బంగారు రంగు వచ్చేదాకా. ఆ తర్వాత చితక్కొట్టిన వెల్లుల్లి, ఎండుమిర్చి. జీలకర్ర చివర్లో, అది పది సెకన్లలో మాడుతుంది. మంట ఆపేశాక ఇంగువ, కరివేపాకు. గరిటె మొత్తాన్ని పప్పులో ముంచి వెంటనే మూత పెట్టండి, రెండు నిమిషాలు తీయొద్దు. పోపు వాసన నూనెలో కరిగి ఉంటుంది, ఆవిరితో పైకి లేస్తుంది. మూత లేకపోతే ఆ వాసన వంటింటికి దక్కుతుంది, పప్పుకు దక్కదు.

పప్పు కూడా కాస్త గట్టిగా ఉండాలి. నలుగురికి 150 గ్రాముల కందిపప్పు, పావుకిలో పైన ఆకుకూర. ఒక కప్పు పప్పును నీళ్ళతో ఆరుగురికి సాగదీస్తే మాంసకృత్తులు అందవు, అన్నమే ఎక్కువ వెళ్తుంది. చింతపండు, గోంగూర, పచ్చిమామిడి వంటి పులుపును పప్పు పూర్తిగా ఉడికాకే కలపండి. ముందే వేస్తే పులుపు వల్ల పప్పు మెత్తబడదు, నాలుగు విజిళ్ళొచ్చినా పలుకులుగానే ఉంటుంది.

వేపుడు మానక్కర్లేదు

బెండకాయనే తీసుకుందాం. ఇది కుదిరితే దొండ, కాకర, గోరుచిక్కుడు అన్నీ కుదురుతాయి.

అరకిలో బెండకాయలు ముందు కడిగి, గుడ్డతో పూర్తిగా తుడిచి, ఆ తర్వాతే అరంగుళం ముక్కలు కోయండి. కోసి కడిగితే జిగురు తప్పదు. వెడల్పాటి ఇనుప పెనాన్ని బాగా వేడిచేసి, నూనె లేకుండానే ముక్కలు ఒకే వరుసగా పరచండి. పెద్దమంట మీద ఆరేడు నిమిషాలు, రెండు నిమిషాలకోసారి మాత్రమే కదపండి. జిగురు ఆరి అంచులు గోధుమరంగు తిరుగుతాయి. ఇప్పుడు నాలుగు చెంచాల నూనె చుట్టూ పోసి, మంట తగ్గించి మరో ఎనిమిది నిమిషాలు వేయించండి. చివర్లో ఉప్పు, పసుపు, రెండు పెద్ద చెంచాల పుట్నాల కారం.

పుట్నాల కారానికి 100 గ్రాముల పుట్నాలు, 8 ఎండుమిర్చి, ఒక చెంచా జీలకర్ర, 6 వెల్లుల్లి రెబ్బలు, అర చెంచా ఉప్పు. మిర్చిని, జీలకర్రను నూనె లేకుండా వేడిచేసి, అన్నీ కలిపి బరకగా తిప్పాలి. ఈ పొడి ముక్కకు పట్టుకుని కరకర ఇస్తుంది.

పాడయ్యేది సాధారణంగా మూడు చోట్ల. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడితే ఆవిరికి ఉడుకుతాయి కానీ వేగవు. పెనం చిన్నదైతే రెండు విడతలుగా చేయండి. ఉప్పు ముందు వేస్తే నీరూరుతుంది. మూత పెడితే బెండకాయ జావ అవుతుంది. దొండకాయకు, గోరుచిక్కుడుకు మాత్రం ముందుగా ఐదు నిమిషాలు ఆవిరి పట్టాలి, అవి గట్టి కూరగాయలు. ఆలుగడ్డ ముప్పాతిక ఉడికించి, ఆరబెట్టి, అప్పుడు వేయిస్తే అరకిలోకు మూడు చెంచాలు సరిపోతాయి.

బగారా బైంగన్: నూనె మసాలాలోనే ఉంది

హైదరాబాద్‌లో నూనె తేలే కూరల్లో ముందు చెప్పుకునేది ఇదే. తమాషా ఏమిటంటే దీనికి బయటి నూనె అవసరం అన్నిటికంటే తక్కువ. 40 గ్రాముల పల్లీలు, 20 గ్రాముల నువ్వులు, 15 గ్రాముల ఎండుకొబ్బరి కలిపితే వాటిలోనే 35 గ్రాములకు పైగా నూనె ఉంటుంది. మరి గిన్నె నిండా నూనె ఎందుకు పోస్తారు? వంకాయ స్పాంజిలా ఉంటుంది, వేయిస్తుంటే పోసిందంతా పీల్చేస్తుంది. ఆ పీల్చడాన్ని ముందే ఆపాలి.

అరకిలో గుత్తివంకాయలను తొడిమ ఉంచి నాలుగు పక్షాలుగా చీల్చి ఉప్పునీళ్ళలో వేయండి. తీసి, ఇడ్లీ పాత్రలో ఆరేడు నిమిషాలు ఆవిరి మీద ఉంచండి. చాకు గుచ్చితే కాస్త గట్టిగా తగలాలి. ఆవిరికి లోపలి గాలి గదులు కుంగిపోతాయి, ఇక నూనె పీల్చవు.

పల్లీలు, నువ్వులు, కొబ్బరి విడివిడిగా వేయించండి. కలిపి వేస్తే పల్లీ వేగేలోపు నువ్వు మాడి మసాలా మొత్తం చేదెక్కుతుంది. రెండు పెద్ద ఉల్లిగడ్డలను పొట్టుతోనే మంట మీద నల్లబడే దాకా కాల్చి, పొట్టు తీసి వాటితో కలిపి మెత్తగా రుబ్బండి. పచ్చి ఉల్లిగడ్డ రుబ్బితే ఆ పచ్చివాసన పోవడానికే బోలెడు నూనె కావాలి. కాల్చిన ఉల్లిగడ్డలో ఆ పని అప్పటికే అయిపోయి ఉంటుంది.

నాలుగు చెంచాల నూనెలో జీలకర్ర, కొన్ని మెంతులు, కరివేపాకు, అల్లం వెల్లుల్లి ముద్ద, తర్వాత పసుపు, ఒకటిన్నర చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి. రుబ్బిన ముద్ద వేసి సన్నమంట మీద ఐదు నిమిషాలు తిప్పుతూ ఉండండి, అడుగంటుతుంటే నీళ్ళు చిలకరించండి, నూనె కాదు. చిన్న నిమ్మకాయంత చింతపండు పులుసు, రెండు కప్పుల నీళ్ళు, ఉప్పు వేసి వంకాయలు పెట్టి మూత వేసి ఇరవై నిమిషాలు. మూత తీసేసరికి పల్లీల నూనె పైకి తేలుతుంది. చూపులో దావత్ కూరకు ఏమాత్రం తీసిపోదు. ఈ కూరకు గింజల వాటా లెక్కలో పెట్టుకుని, ఆ రోజు వేరే పల్లీ చట్నీ చేయకండి.

ఉప్పు తగ్గాలంటే పులుపు పెరగాలి

ఉప్పు నేరుగా తగ్గిస్తే నాలుక పట్టేస్తుంది. కూరలో పావు వంతు తగ్గించి, దింపాక అర చెక్క నిమ్మరసం పిండండి. సీజన్‌లో చింతచిగురు, పచ్చిమామిడి, మిగతా రోజుల్లో గోంగూర, టమాటా. రెండు వారాల్లో నోరు అలవాటుపడుతుంది, అప్పుడు ఇంకో పావు తగ్గించొచ్చు. తక్కువ సోడియం ఉప్పు అని దొరికే వాటిలో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా దాన్ని ముట్టుకోకూడదు.

ఆవకాయను రోజూ తినే కూరలా కాకుండా నంజుకోవడానికి, చిన్న చెంచా మాత్రం పెట్టుకోండి. ఆ స్థానంలో రోటి పచ్చళ్ళు పెంచండి. బీరకాయ, సొరకాయ, దోసకాయ, క్యాబేజీ దేనితోనైనా పావుకిలో కూరగాయకు రెండు చెంచాల నూనెతో కుదురుతుంది, కూరగాయల లెక్క కూడా నిండుతుంది. ఇక పచ్చిపులుసు లాంటిది మరొకటి లేదు. నానబెట్టిన చింతపండు పులుసు, కాల్చిన పచ్చిమిర్చి, సన్నగా తరిగిన పచ్చి ఉల్లిగడ్డ, వేయించిన నువ్వుల పొడి, చిటికెడు బెల్లం, ఒక్క చెంచా నూనెతో పోపు. ముద్దపప్పుతో పెడితే అన్నం తక్కువైందని ఇంట్లో ఎవరూ అనరు.

రాత్రికి జొన్న రొట్టె

రొట్టె విరిగిపోతోందని చాలామంది మానేస్తారు. గోధుమపిండిని సాగేలా పట్టి ఉంచే గ్లూటెన్ జొన్నలో ఉండదు, పిండిని పట్టి ఉంచేది మరిగే నీళ్ళే. ఒక కప్పు పిండికి ముప్పావు కప్పు సలసల మరిగే నీళ్ళు పోసి, గరిటెతో కలిపి, ఐదు నిమిషాలు మూత పెట్టి, చెయ్యి పట్టే వేడిలో బాగా మర్దించండి. తట్టి పెనం మీద వేశాక పైన తడిచేత్తో నీళ్ళు రాయండి, ఆ తడి ఆరగానే తిప్పండి. అప్పటికీ అంచులు పగులుతుంటే పిండి పాతది. గిర్నీలో పది, పదిహేను రోజులకు సరిపడా మాత్రమే పట్టించండి.

చాయ్, చిరుతిళ్ళు

ఒక చెంచా చక్కెర 5 గ్రాములు. రెండేసి చెంచాలతో నాలుగు చాయ్‌లు తాగితే 40 గ్రాములు అయిపోతాయి, రోజు మొత్తానికి 25 దాటకూడదు. వారానికి పావు చెంచా చొప్పున తగ్గిస్తూ, యాలకులు, అల్లం పెంచండి. భోజనం కాగానే చాయ్ తాగకండి, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. గంట ఆగండి.

సాయంత్రానికి గుడాలు పెట్టుకోండి. శనగలు, అలసందలు, పెసలు ఏవైనా రాత్రి నానబెట్టి, ఉప్పు వేసి ఉడికించి, ఒక చెంచా నూనెలో పోపు, పైన పచ్చి ఉల్లిగడ్డ, కొత్తిమీర, నిమ్మరసం. కరకరలాడేదే కావాలంటే సర్వపిండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లికాడలు కలిపి మందపాటి గిన్నెలో పలచగా ఒత్తి, వేళ్ళతో చిల్లులు పెట్టి రెండు చెంచాల నూనె వేసి సన్నమంట మీద కాల్చాలి. రెండోది ఒత్తేముందు గిన్నెను పూర్తిగా చల్లార్చండి, వేడి గిన్నెకు పిండి అంటదు.

ఆదివారం బిర్యానీ

నలుగురికి తోలు లేని చికెన్ 600 గ్రాములు, బాస్మతి 360 గ్రాములు. బిర్యానీలో నూనె ఎక్కువగా వచ్చేది వేయించిన ఉల్లిగడ్డల నుంచే. పావుకిలో ఉల్లిగడ్డలను సన్నగా చీల్చి, వెడల్పాటి పెనం మీద ఆరు చెంచాల నూనెతో, చిటికెడు ఉప్పు వేసి, మధ్యస్థ మంట మీద ఇరవై ఐదు నిమిషాలు వేయించండి. బజారు ఉల్లిగడ్డల్లా కరకరలాడవు. దమ్ములోకి వెళ్ళాక ఎలాగూ మెత్తబడేవే కాబట్టి నష్టం లేదు, తీపి, రంగు పూర్తిగా వస్తాయి.

పెరుగు 200 గ్రాములు తీసుకుని అరగంట గుడ్డలో వడకట్టండి, చికెన్‌ను కూడా నీళ్ళు లేకుండా వార్చండి. ఈ రెండిటిలో తడి ఉంటే అడుగున నీళ్ళు నిలిచి అన్నం ముద్దవుతుంది. అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, గుప్పెడేసి పుదీనా, కొత్తిమీర, గరం మసాలా, నిమ్మరసం, ఉప్పు, ముప్పాతిక ఉల్లిగడ్డలు, పెనంలోని నూనె అంతా కలిపి రెండు గంటలు నానబెట్టండి.

అరగంట నానిన బియ్యాన్ని మూడు లీటర్ల మరిగే నీళ్ళలో షాజీరా, లవంగాలు, ఉప్పు వేసి ఉడికించండి. నీళ్ళు ఉప్పగా తగలాలి, చాలావరకు వార్చేస్తాం కాబట్టి భయం లేదు. గింజను నలిపితే మధ్యలో సన్నటి పలుకు తగలగానే వార్చి చికెన్ మీద పరచండి. మిగిలిన ఉల్లిగడ్డ, రెండు చెంచాల నెయ్యి, కుంకుమపువ్వు పాలు పైన వేసి మూత అంచుకు పిండి పూయండి. మొదట ఎనిమిది నిమిషాలు మధ్యస్థ మంట, తర్వాత కింద పెనం పెట్టి సన్నమంట మీద ఇరవై ఐదు నిమిషాలు, దింపి పదిహేను నిమిషాలు మూత తీయకుండా. మొత్తం నూనె, నెయ్యి కలిపి ఎనిమిది చెంచాలు, మనిషికి రెండు.

దీనితో మనిషికి కప్పు నిండా కీరా, క్యారెట్, ఉల్లిగడ్డ వేసిన పెరుగు చట్నీ ఉండాలి. అది ముందు సగం తిని బిర్యానీ మొదలుపెట్టండి.

బయట తినేటప్పుడు

టిఫిన్ సెంటర్లో పూరీ, వడ రోజూ కాకుండా ఇడ్లీ, పెసరట్టు వైపు మొగ్గండి. దోశ వేసేవాళ్ళకు నూనె తక్కువ అని ముందే చెప్పండి, పెనం మీద పోశాక చెప్తే లాభం లేదు. ఒక బిర్యానీ తెచ్చుకుంటే ఇంట్లో కీరా, ఉల్లిగడ్డ కోసి, గుడ్లు ఉడకబెట్టి ఇద్దరు పంచుకోండి. సాలన్ గిన్నెను పది నిమిషాలు కదపకుండా ఉంచితే నూనె పైకి తేలుతుంది, చెంచాతో తీసేసి కింది చిక్కటి పులుసు వడ్డించుకోండి. రంజాన్ నెలలో హలీమ్ తిన్న రాత్రి వేరే భోజనం పెట్టుకోకండి. గోధుమ, పప్పులు, మాంసం, నెయ్యి అన్నీ ఉన్న పూర్తి భోజనమది. దాన్ని చిరుతిండిగా తిని మళ్ళీ అన్నానికి కూర్చోవడం దగ్గరే లెక్క తప్పుతుంది. నిమ్మకాయ బాగా పిండుకుని, ఒక్క గిన్నెను నిదానంగా, చెంచా చెంచాగా తినండి.